తప్పంతా బ్రౌజరుదే

జూన్ 3, సోమవారం

పొద్దున కంప్యూటరులో బ్రౌజరు తెరిస్తే అక్షరాలు ఏనుగు గున్నల్లా ఉన్నాయి. తెరంతా కలిపి నాలుగు మాటలే పట్టాయి. ఐదో మాట కావాలంటే పక్కకి జరుపుకోవాలి. నిన్న సాయంత్రం నేను ఉత్తరం రాసి మూసినప్పుడు సవ్యంగానే ఉంది. తర్వాత ముట్టుకున్నదెవరని అడిగితే ఎవరూ నోరు విప్పలేదు. అక్షరాల్ని మామూలు సైజుకి తెచ్చి, మూసి, మళ్ళీ తెరిచి చూశాను. నిలిచింది.

నిర్ధారణ: బ్రౌజరులో ఏదో లోపం ఉంది.

ఇంత చిన్న సంగతి రాసిపెట్టుకోవడానికి కారణం ఉంది. ఇంట్లో కంప్యూటరు ఒక్కటే. నా ఉత్తరాలు, మనవరాలి లా కాలేజీ చదువు, ఆయన ప్రూఫులు అన్నీ దానిమీదే. ప్రెస్సువాళ్ళు ఇప్పుడు కాగితాలు పంపడం మానేశారు. పేజీలు బ్రౌజరులోనే తెరుచుకుని, తప్పు ఉన్నచోట గుర్తు పెట్టి, అడుగున ‘చూశాను’ అనే బొత్తాం నొక్కాలి. ఈసారి వచ్చింది నర్సుల చేతిపుస్తకం. ఎంత బరువున్న బిడ్డకి ఏ మందు, ఎంత మోతాదు అన్నది అందులో ఉంటుంది. జీవితమంతా ప్రూఫులు చూసిన మనిషే అయినా ఇలాంటి పుస్తకం చేతికి రావడం ఇదే మొదటిసారి. “కథలో అచ్చుతప్పు పడితే చదివేవాడు నవ్వుకుంటాడోయ్. ఇందులో పడితే బిడ్డ ప్రాణం మీదికొస్తుంది” అని ఆయనే అన్నారు, పుస్తకం ఒప్పుకున్న రోజున.

అందుకని బ్రౌజరు సంగతి తేలిగ్గా వదలను. ఫిజిక్సు లాబులో పిల్లలకి చెప్పిన మాటే నాకూ చెప్పుకుంటున్నాను. ఒకసారికి ఒకటే మార్చు. మార్చింది రాసిపెట్టు.

జూన్ 4, మంగళవారం

సవ్యంగా ఉంది.

జూన్ 6, గురువారం

మళ్ళీ. ఈసారి అక్షరాలు పెరగడంతో ఆగలేదు, తెర నల్లగా, అక్షరాలు తెల్లగా మారాయి. ఎవరో నల్లబల్ల తెచ్చి ఇంట్లో పెట్టినట్టుంది.

మా అమ్మాయికి, అంటే మనవరాలి తల్లికి, ఫోన్ చేశాను. దానిది ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం. రోజంతా డాక్టర్లకి ‘ఒకసారి ఆపి మళ్ళీ వేయండి’ అని చెప్పకుండా ఏ పనీ జరగదట అక్కడ. నా చేత కూడా అదే చేయించింది. తర్వాత పాత పేజీల నిల్వ ఖాళీ చేయించింది. నేను మాత్రం లక్షణాలన్నీ వరసగా చదివాను. ఓపిగ్గా విని, “అమ్మా, బ్రౌజరు తనంతట తాను రంగు మార్చుకోదు, ఊసరవెల్లి కాదు. ఎవరో మార్చాలి” అంది. ముగ్గురికీ బ్రౌజరులో మూడు వేరువేరు ప్రొఫైళ్ళు పెట్టుకుంటే ఎవరి అమరిక వారికుంటుంది, ఎవరు ఏం చేస్తున్నారో కూడా తేలిపోతుంది అని సలహా ఇచ్చింది. ఒక ఇంట్లో మూడు పొయ్యిలు పెట్టమన్నట్టుంది. అక్కర్లేదన్నాను.

ఎవరో మార్చాలి అంటే, ఈ ఇంట్లో ఆ ఎవరో ఎవరు? నేను కాదు. ఆయనకి ఆ బ్రౌజరులో ‘చూశాను’ బొత్తాం తప్ప ఇంకో బొత్తాం ఉందని తెలియదు. మిగిలింది ప్లీడరు. మనవరాలికి నేను పెట్టిన పేరు అది. లా కాలేజీ ఈ ఊళ్ళో ఉండబట్టి మా దగ్గరుంటోంది. ఏదడిగినా సెక్షన్లు చెబుతుంది.

భోజనాల దగ్గర సూటిగా అడిగాను. అది వాళ్ళ తాతయ్య వైపు చూసింది, తర్వాత కంచం వైపు చూసింది.

“అమ్మమ్మా, ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఉండే హక్కు నాకుంది.”

“ఈ ఇంట్లో భోంచేసేవాళ్ళకి ఆ హక్కు లేదు.”

ఆయనకి పొలమారింది. నీళ్ళు తాగి లేచిపోయారు. అల్లరి పనులకి మొదట్నుంచీ ఆయన వెనకేసుకు వస్తారు దాన్ని.

జూన్ 7, శుక్రవారం

ఆయనకి మెడ పట్టేసింది. తల ఎడమ పక్కకి తిప్పుకుని కూర్చుంటున్నారు. ఎదురుగా నిలబడ్డ మనిషిని కూడా కాకి చూసినట్టు ఓరగా చూస్తున్నారు. ఎప్పుడూ వంగి కూర్చునే పని కదా. నొప్పుల మందు తెచ్చి మెడకి బాగా మర్దన చేశాను. కిక్కురుమనలేదు.

జూన్ 9, ఆదివారం

బ్రౌజరు మాట్లాడింది.

గరిటె చేత్తో పట్టుకునే వచ్చి తెరిచాను, పేపరు ముఖ్యాంశాలు ఒకసారి చూద్దామని. ఎవరో ఆడమనిషి, ఊపిరి తీసుకోకుండా, “మూత గట్టిగా బిగించి చల్లని చోట ఉంచవలెను పిల్లలకు అందనీయరాదు” అంది. ఎవరికి చెబుతోందా అని నేను వంటింట్లోకి తొంగి చూశాను. ఈ వయసులో ఇలా బెదరగొట్టించుకోవడం నాకు నచ్చలేదు.

అమ్మాయి చెప్పిన పద్ధతిలో బ్రౌజరు లోపల వెతికితే రెండు అదనపు సరుకులు కనిపించాయి. ఒకటి అక్షరాలు పెంచి తెరని నలుపు చేసేది, ఒకటి పేజీని చదివి వినిపించేది. రెండూ నేను పెట్టినవి కావు. రెండూ తీసి పారేశాను.

ప్లీడరు గదిలోకి వచ్చి తెర చూసి నిలబడిపోయింది. “అవి తీసేశావా అమ్మమ్మా?” అంది. తీసేశానన్నాను. అడగాల్సింది అంది. నా ఇంట్లో దొంగ దూరితే వాడి అనుమతి తీసుకుని బయటికి పంపాలా అని అడిగాను. అవి తనే పెట్టానని అప్పుడు ఒప్పుకుంది. ఎందుకు పెట్టావంటే మళ్ళీ ఆ హక్కే. కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకుంది, అదేదో నేను చేసిన తప్పయినట్టు.

ఇవాళ్టి నుంచి దానికి కంప్యూటరు బంద్. దాని తాళపు మాట, అదే పాస్‌వర్డు, మార్చి ఆయనకి మాత్రమే చెప్పాను. చదువుకోవాలంటే కాలేజీ లైబ్రరీ ఉంది.

“పోనీలేవోయ్, చిన్నపిల్ల” అన్నారాయన.

“ఇరవై ఏళ్ళు నిండినదాన్ని చిన్నపిల్ల అంటే రేపు కోర్టులో జడ్జి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడా?” అన్నాను.

ఆయన నవ్వలేదు. మామూలుగా నవ్వుతారు.

జూన్ 10, సోమవారం

నేను ఉత్తరం రాస్తుంటే పక్కకొచ్చి కూర్చుని, పేపరు చదివి వినిపించమన్నారు. మీ కళ్ళజోడు ఎక్కడుందని అడిగాను. “నీ గొంతులో వింటే లోకం బాగుపడుతున్నట్టే ఉంటుందోయ్” అన్నారు. పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత మాట అనలేదు ఈ మనిషి. రెండు పేజీలు చదివాను. రేపు కూడా చదవమన్నారు.

బ్రౌజరు సవ్యంగా ఉంది. రోగం కుదిరింది.

జూన్ 12, బుధవారం

ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ప్రెస్సు ఓనరు ఫోన్ చేశాడు. మాస్టారు లేరని చెబితే, “మీతోనే మాట్లాడాలమ్మా” అన్నాడు. అతనికి పని నేర్పింది ఆయనే, అందుకని మాస్టారు అంటాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, గొంతు తగ్గించాడు.

జ్వరం మందు పేజీలో అర చెంచా అని ఉండాల్సిన చోట ఐదు చెంచాలని పడింది. ఆ పేజీ కింద ఆయన ‘చూశాను’ నొక్కారు. పుస్తకం రాసిన డాక్టరు వేరే పనిమీద ఆ పేజీ తిరగేసి చూడబట్టి దొరికింది, లేకపోతే అలాగే అచ్చయిపోయేది.

బ్రౌజరు కొన్నాళ్ళుగా సరిగ్గా పనిచేయడం లేదని చెప్పాను. అక్షరాలు పెరుగుతున్నాయి, తరుగుతున్నాయి, రంగులు మారుతున్నాయి, అలాంటి దానిమీద ఎవరు మాత్రం ప్రూఫులు చూడగలరని అడిగాను.

“అంతేనంటారా అమ్మా?”

“అంతే. తప్పంతా బ్రౌజరుదే.”

“ఈ పుస్తకంలో ఇంకొక్కటి దాటిపోయినా నేను వేరేవాళ్ళకి ఇచ్చుకోవాలి. మీరే మెల్లిగా చెప్పండి, నాకు నోరు రాదు” అన్నాడు.

ఆయన చేతి నుంచి ఈ పని పోతే ఏముంటుంది? పొద్దున లేచి, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ కుర్చీలో కూర్చుంటారు. ఇంట్లో పని చేసేవాళ్ళకి ఇస్త్రీ ఎందుకంటే, రాసినవాడికి మర్యాద ఇవ్వొద్దా అంటారు. ఆ కుర్చీ ఖాళీ అయితే ఆయన ఎక్కడ కూర్చుంటారో నేను ఊహించలేను.

చెప్పలేదు. ముందు బ్రౌజరు బాగుచేయాలి.

జూన్ 13, గురువారం

బ్రౌజరుని పూర్తిగా తీసేసి కొత్తగా పెట్టాను. అమ్మాయి ఫోన్లో ఉండి చెప్పింది. కడిగిన పలకలా ఉంది ఇప్పుడు. అక్షరాలు మామూలు, తెర తెలుపు, నోరు లేదు. ఆయన్ని పిలిచి చూపించాను. “శుభ్రంగా ఉందోయ్” అన్నారు. ఆయన చూసింది కిటికీ వైపు.

మెడ ఇంకా తగ్గలేదు.

జూన్ 15, శనివారం

ప్రయోగం. ఒక పేజీ నేనే టైపు చేశాను, కావాలని అక్కడక్కడా తప్పులు పెట్టాను. దాన్ని బ్రౌజరులో ఒకటి, కాగితం మీద ముద్రించి ఒకటి, రెండు విధాలుగా ఆయన చేత చదివించాలి. బ్రౌజరుదే తప్పయితే కాగితం మీది తప్పులు దొరకాలి, తెరమీదివి జారిపోవాలి. ప్రెస్సు నుంచి వచ్చిన పేజీ అని చెప్పి ఇచ్చాను.

పరిశీలన: తెరమీద జారిపోయినవే కాగితం మీదా జారిపోయాయి. వరస చివర ఉన్నవి పట్టుకున్నారు. మధ్యలో ఉన్న ఒక్కటీ పట్టుకోలేదు.

ముద్రణలో ఇంకు పలచగా ఉంది. కాగితం కూడా నాసిరకం. ఈ ప్రయోగం చెల్లదు.

జూన్ 16, ఆదివారం

ఇంకు పలచగా లేదు. నిన్నటి వాక్యం కొట్టేసి మళ్ళీ రాశాను, మళ్ళీ కొట్టేశాను. ఆ పేజీ నా ముందే ఉంది. నా కంటికి నల్లగా, గుండ్రంగా, స్పష్టంగా ఉంది.

ప్లీడరు నాతో మాట్లాడటం లేదు. నేనూ మాట్లాడటం లేదు.

జూన్ 17, సోమవారం

బ్యాంకులో పని ఉందని బయలుదేరాను. వీధి చివరిదాకా వెళ్ళాక కాగితాలు మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి వచ్చాను. తాళం నా దగ్గరుంది, తలుపు కొట్టే పని లేదు.

ముందు ఆ ఆడమనిషి గొంతు వినిపించింది.

గది గుమ్మంలో నిలబడి చూశాను. తెర నల్లగా ఉంది. దానిమీద మూడే మాటలు, ఒక్కో అక్షరం నా అరచేయంత. ఆయన కుర్చీలో కూర్చుని ముఖం కిటికీ వైపు పెట్టుకుని, కంటి అంచుతో ఆ మూడు మాటల్నీ పట్టుకుంటున్నారు. మెడ పట్టినవాళ్ళు అలా కూర్చోరు. మెడ పట్టినవాళ్ళకి నొప్పి ఉంటుంది, ముఖంలో తెలుస్తుంది. ఆయన ముఖంలో ఉన్నది నొప్పి కాదు, శ్రమ. ప్లీడరు పక్కన నిలబడి పేజీ జరుపుతోంది. అది నా నిషేధాన్నీ, నా తాళపు మాటనీ దాటి వచ్చి, నేను తీసి పారేసినవన్నీ మళ్ళీ పెట్టింది.

నన్ను చూసి అదే ముందుకొచ్చింది. “శిక్ష నాకు వెయ్యి అమ్మమ్మా. తాతయ్య నా క్లయింటు. క్లయింటు చెప్పొద్దన్నది చెప్పకూడదు.”

“దాన్నేమీ అనకు” అన్నారాయన, తల తిప్పకుండానే.

నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఆయన నా ముఖంలోకి నేరుగా చూసి, తర్వాత కాస్త పక్కకి చూశారు.

“ఎదురుగా చూస్తే నువ్వుండవోయ్. ఇలా పక్కకి చూస్తే ఉంటావు. మధ్యలో ఒక మసక. ఏది చూద్దామనుకుంటే సరిగ్గా దానిమీదే వచ్చి కూర్చుంటుంది.”

ఎప్పటినుంచి అని అడిగాను. చలికాలంలో మొదలైందట, అప్పట్లో ఒక కన్నే. రెండోది చూసుకుంటుందిలే అనుకున్నారట. నాతో ఎందుకు చెప్పలేదని అడిగితే, చెప్తే డాక్టరు అంటావు, డాక్టరు వద్దంటాడు, ప్రెస్సువాడికి తెలుస్తుంది, ఈ పుస్తకం ఒక్కటీ అయిపోతే చెబుదామనుకున్నాను అన్నారు. పని అయ్యాక అంతా మామూలుగా పెట్టేసేవాళ్ళట ఇద్దరూ. ప్లీడరు పక్కన లేకుండా ఒక్కరే కూర్చున్నప్పుడు మాత్రం, మామూలుగా పెట్టే బొత్తాం ఎక్కడుందో ఆయనకి కనపడేది కాదు. నాకు ఏనుగు గున్నలు ఎదురైనది అలాంటప్పుడే.

“మరి మెడకి మందు ఎందుకు రాయించుకున్నారు?”

“నువ్వు రాస్తుంటే బావుంది.”

“ఆ పేజీ నేను టైపు చేసిందని...”

“తెలుసోయ్. ప్రెస్సువాళ్ళ వాక్యాలు అంత శుభ్రంగా ఉండవు.”

నేను ఆ రెండు సరుకులూ తీసేసింది ఆదివారం. జ్వరం మందు పేజీ ఆయన చూసింది సోమవారం, నేను ఉత్తరం రాసి లేచాక. అంటే ఏమిటో నాకు లెక్క కట్టి చెప్పనక్కర్లేదు. ఓనరు ఫోన్ సంగతి అప్పుడు చెప్పాను, అర చెంచా బదులు ఐదు చెంచాలు పడ్డ సంగతి కూడా. పని పోతుందన్న మాట కూడా దాచలేదు. ఆయన ఆ మాట విన్నట్టే లేరు.

“ఎన్ని కిలోల బిడ్డకి?” అని అడిగారు.

నాకు తెలియదన్నాను.

బ్యాంకుకి వెళ్ళలేదు.

జూన్ 18, మంగళవారం

ఈ పుస్తకంలో ఆయన ‘చూశాను’ నొక్కిన పేజీలన్నీ మళ్ళీ చదవాలన్నారు. ఓనరుకి ఫోన్ చేసేది ఆ తర్వాతే. ముందు ఫోన్ చేస్తే మాటే వెళ్తుంది, తప్పులు అక్కడే ఉంటాయి.

పాతకాలపు పద్ధతిలో చేద్దామన్నారు. అప్పట్లో ప్రెస్సులో ప్రూఫు ఇద్దరు చూసేవారట, ఒకరు పైకి చదివితే ఒకరు సరిపోల్చేవారు. నేను తెరమీది పేజీ చదవాలి, ప్లీడరు డాక్టరు రాసిచ్చిన అసలు ప్రతి పట్టుకుని సరిచూడాలి, ఆయన వింటారు. కామా ఉంటే కామా అనాలి. ఫుల్‌స్టాప్ ఉంటే ఫుల్‌స్టాప్ అనాలి. తరగతి గదిలో చదివిన గొంతు నాది, అదేమంత కష్టం అనుకున్నాను. మధ్యాహ్నానికి చాలా పేజీలు అయ్యాయి. తప్పులేమీ దొరకలేదు. ప్లీడరుకి సంతోషంగా ఉంది. నాకు ఇంకా సంతోషంగా ఉంది. ఆ ఐదు చెంచాలొక్కటే పొరపాటు, మిగతాదంతా ఆయన బాగానే చూశారు.

ఆయన చెయ్యెత్తి ఆపారు.

“ఈ కంపోజింగు చేసినవాణ్ణి నేనెరుగుదును. పేజీకి ఒక చోటైనా ఒకే మాట రెండుసార్లు కొడతాడు. వాడి చెయ్యి అంతే. ఇంతవరకు ఒక్కటీ వినపడలేదు.”

“ఈసారి జాగ్రత్తగా కొట్టాడేమో.”

“వాడు కాదు. నువ్వు. దిద్దుకుంటూ చదువుతున్నావు. ఉండాల్సింది చదువుతున్నావోయ్. ఉన్నది చదువు.”

కోపంగా అనలేదు. పనిలో ఉన్న మనిషి పక్కవాడికి చెప్పినట్టు చెప్పారు. నేను మొదటి పేజీకి వెళ్ళి ఒక్కో మాట మీద వేలు పెట్టి చూశాను. మూడో వరసలో ‘తర్వాత తర్వాత’ అని ఉంది. ఇందాక నేను దాన్ని ఒక్కసారే చదివాను. చదివానని కూడా నాకు తెలియదు.

ప్లీడరు తన చేతిలోని ప్రతి కింద పెట్టింది. “మొదటి నుంచా?” అంది.

“మొదటి నుంచి” అన్నాను నేనే.

జూన్ 20, గురువారం

ఇది నేను అనుకున్నదానికంటే కష్టమైన పని. బతుకంతా పిల్లల జవాబుల్లో ఏముండాలో నాకు ముందే తెలుసు, లేనిదాన్ని కంటితోనే పూరించి చదివేదాన్ని. మంచి టీచరుకి అదొక గుణం అనుకున్నాను. ఇప్పుడు ప్రతి మాటా తెలియని మనిషి ముఖం చూసినట్టు చూడాల్సి వస్తోంది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది.

తప్పులు దొరుకుతున్నాయి. చిన్నవే ఎక్కువ. చిన్నవి కానివీ ఉన్నాయి.

మధ్యలో ఆయన మళ్ళీ ఆపారు. “ఇందాక ఎనిమిది కిలోల బిడ్డకి ఒక బిళ్ళ అన్నాడు. ఇప్పుడు ఆరు కిలోల బిడ్డకి ఒకటిన్నర అంటున్నాడు. డాక్టరుని అడగమని రాయండి.” ప్లీడరు అసలు ప్రతి చూసింది, అందులోనూ అలాగే ఉంది. అది కంపోజింగు తప్పు కాదు, డాక్టరుదే. మా ఇద్దరి నాలుగు కళ్ళూ దాని మీదుగా నడిచి వెళ్ళిపోయాయి.

ప్లీడరు, “తాతయ్యా, నువ్వు కోర్టులో ప్రశ్నలడిగి ఉంటే సాక్షులందరూ ఏడ్చేవాళ్ళు” అంది. నవ్వారు. చాలారోజులకి విన్నాను ఆ నవ్వు.

నేను కాసేపు ఒక ఆశ పెట్టుకున్నాను. ఇలా ముగ్గురం కూర్చుని చేసుకుంటూ పోతే ఎవరికీ చెప్పక్కర్లేదు కదా అని. పైకే అన్నాను. ఆయన తర్వాతి పేజీ చదవమన్నారు.

జూన్ 24, సోమవారం

పేజీలన్నీ అయ్యాయి. దొరికిన తప్పులన్నీ గుర్తులు పెట్టి పంపాం. తర్వాత ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫోన్ తెమ్మన్నారు. అంకెలు వేళ్ళతో తడిమి ఆయనే నొక్కుకున్నారు.

నేను పక్కనే నిలబడ్డాను. ఓనరు ఏమన్నాడో వినపడలేదు, ఆయన మాటలు మాత్రం వినపడ్డాయి.

“చూశానని నొక్కాను బాబూ, చూడలేదు. చూపు లేదు. బ్రౌజరుది కాదు తప్పు. ఆవిడకి తెలియక చెప్పింది. మిగతా పేజీలు ఇంకొకళ్ళకి ఇవ్వు. కళ్ళున్నవాళ్ళకి ఇవ్వు. ఇది మందుల పుస్తకం.”

అవతల ఏదో అన్నాడు. చిన్నదే అయ్యుంటుంది, వెంటనే అయిపోయింది. ఫోన్ పెట్టేశాక ఆయన కుర్చీలో కూర్చోలేదు, కిటికీ దగ్గర నిలబడ్డారు.

“ఏమన్నాడు?”

“సరేనన్నాడు.” కాసేపటికి మళ్ళీ అన్నారు, “కాస్త ఆలోచించి సరేనంటాడనుకున్నానోయ్.”

ఆయన చొక్కా మీద చెయ్యి వేశాను.

జూన్ 25, మంగళవారం

అమ్మాయికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. తర్వాత బ్రౌజరులో మూడు ప్రొఫైళ్ళు ఎలా పెట్టాలో చెప్పింది, మధ్యలో రెండుసార్లు ముక్కు చీదుకుంది. ఇప్పుడు ఆయనది నొక్కితే పెద్ద అక్షరాలు, నల్ల తెర, ఆ ఆడమనిషి గొంతు. నాది నొక్కితే నావి. ఎవరి పొయ్యి వారిది. కంటి డాక్టరు దగ్గర శుక్రవారానికి సమయం కూడా అదే తీసుకుంది.

ప్లీడరుని పిలిచి నిషేధం ఎత్తేశానని చెప్పాను.

“కేసు కొట్టేసినట్టా, క్షమాపణ చెప్పినట్టా?” అంది.

“రెండూ” అన్నాను. అది కాగితం తెచ్చి రాసిమ్మంటుందని భయపడ్డాను గానీ, వచ్చి మెడ చుట్టూ చేతులేసింది.

జూన్ 26, బుధవారం

ఇస్త్రీ చొక్కా వేసుకోలేదు.

జూన్ 28, శుక్రవారం

కంటి డాక్టరు చిన్న వయసావిడ. ఆయన కళ్ళలోకి రకరకాల వెలుగులు వేసి చూసి, బయట కూర్చోమని, అంతా తెలుగులోనే రాసిన ఒక కాగితం ఇచ్చింది. ఇంటికి వచ్చాక అది చదవమన్నారు ఆయన. ప్లీడరు కాలేజీలో ఉంది. ఇద్దరమే ఉన్నాం. మంచం అంచున కూర్చుని ముఖం నావైపు కాకుండా గోడవైపు తిప్పుకున్నారు, అంటే నన్నే చూస్తున్నారన్నమాట.

చదివాను. పేరు, వయసు, తారీఖు. “కుడి కంటి మధ్యచూపు పూర్తిగా పోయినది, ఫుల్‌స్టాప్. ఎడమ కంటిలో అదే మార్పు ముదురుతున్నది, ఫుల్‌స్టాప్. సూది మందుతో దానిని నెమ్మదింపజేయవచ్చును, కామా...”

అక్కడ ఆగాను. తర్వాతి మాటలు ముందే కనిపించాయి. కన్ను వాటి మీదుగా దూకి, కింద ఉన్న మందుల దగ్గరికి వెళ్ళింది.

“ఆగావు.”

“కామా ఉందండీ.”

“కామా దగ్గర అంతసేపు ఆగరు.”

ఆ మాటల మీద వేలు పెట్టాను. “కామా, కానీ పోయిన చూపు తిరిగి రాదు, ఫుల్‌స్టాప్. చదువుట, వ్రాయుట వంటి పనులు ఇకపై సాధ్యపడవు, ఫుల్‌స్టాప్. పక్కచూపు నిలుచును, కామా, ఇంటిలో సొంతముగా తిరుగగలరు, ఫుల్‌స్టాప్.” మందుల పేర్లు చదివాను, ఎన్ని పూటలో చదివాను, మళ్ళీ ఎప్పుడు రావాలో చదివాను. అడుగున డాక్టరు సంతకం ఉందని కూడా చెప్పాను.

ఆయన అంతా విన్నారు. మోకాలి మీద వేలితో ఏదో గీసుకున్నారు.

“తప్పులేమైనా ఉన్నాయా?” అని అడిగారు.

కాగితం మళ్ళీ పైనుంచి కిందిదాకా, ఒక్కో మాటా, మెల్లిగా చూశాను.

“లేవండీ” అన్నాను.